దిద్దేవాళ్లుంటే నడక వస్తుంది

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ సభలో మాకు చదువు గురించి మాట్లాడే పని అప్పగిస్తారు. ఈసారి పక్షవాతం గురించి మాట్లాడమన్నారు. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. మా దగ్గరున్నది బి.ఎడ్. పట్టా, ముప్పయ్యేళ్లు నోటు పుస్తకాలు దిద్దిన అనుభవం. అయినా ఒప్పుకున్నాం. మా ఇంట్లో పక్షవాతం వచ్చింది. మేము చేసిన తప్పులు మరో ఇంట్లో జరగకూడదు. ఇంకో కారణం కూడా ఉంది. పడిపోయిన కాలికి నడక నేర్పడం గురించి రెండేళ్లుగా చదివాం, డాక్టర్లను అడిగి తెలుసుకున్నాం. చదివేకొద్దీ ఇది మా బడి సంగతిలాగే అనిపించింది.

మా పెద్ద మామూ టైలరు. నలభై ఏళ్లు కాలితో మిషను తొక్కిన మనిషి. ఒకరోజు ఫజర్‌కి లేచి వజూకి వెళ్తుంటే చేతిలోని చెంబు జారిపోయింది. ఎడమ చెయ్యి లేవలేదు. మూతి పక్కకు లాగింది. మాట ముద్దగా వచ్చింది. ముమానీ చూసి "లఖ్వా కొట్టింది" అని ఏడ్చింది. మేమంతా పరుగెత్తుకెళ్లాం. ఊళ్లో తెలిసిన ఒక వైద్యుణ్ణి పిలిచాం. ఆయన ఒక ఇంజక్షను చేసి, గాలి తగిలిందేమో, కాసేపు చూద్దామన్నాడు. ఒకరు పావురం నెత్తురు రాస్తే దిగిపోతుందన్నారు. ఇంకొకరు పావురాన్ని తెచ్చేశారు కూడా. మేము చదువుకున్నవాళ్లమై ఉండి ఆ నెత్తురు రాస్తుంటే చూస్తూ నిలబడ్డాం. గుంటూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. స్కానింగ్ చూసిన డాక్టరుగారు ఒకటే ప్రశ్న అడిగారు. "ఎన్ని గంటలకు మొదలైంది?" మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఆ ప్రశ్న ఎందుకడిగారో అందరూ తెలుసుకోవాలి. పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తాయి. మిగిలినవి నాళం చిట్లి నెత్తురు కారడం వల్ల వస్తాయి. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజక్షను ఉంది. మొదటి లక్షణం కనబడిన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఎంత ముందిస్తే అంత మేలు. చిట్లిన నెత్తురైతే ఆ మందు ప్రాణం తీస్తుంది. ఏది ఏదో స్కానింగ్ తీస్తేనే తెలుస్తుంది. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ మింగించకండి. నోట్లో నీళ్లు పోయకండి, గొంతుకు అడ్డుపడతాయి. మూతి వంకర, చెయ్యి జారడం, మాట ముద్దగా రావడం, ఒక్కసారిగా తూలడం, చూపు పోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా గడియారం చూసి టైము రాసుకోండి. 108కి ఫోను చేయండి. స్కానింగూ మెదడు డాక్టరూ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. ఇది మా మొదటి తప్పు నుంచి నేర్చుకున్న పాఠం.

రెండో తప్పు ఇంకా పెద్దది. దాన్ని ప్రేమతో చేశాం కనుక చాన్నాళ్లు తప్పని తెలియలేదు.

పది రోజుల తర్వాత మామూని ఇంటికి తెచ్చాం. కోడళ్లు, కూతుళ్లు, మేనల్లుళ్లం వంతులేసుకున్నాం. అన్నం కలిపి నోట్లో పెట్టాం. మంచం మీదే స్నానం, మంచం మీదే నమాజు. లేవబోతే "అయ్యో మామూ, మేము లేమా" అన్నాం. ఆసుపత్రిలో చెప్పిన కసరత్తులు వారం రోజులు చేయించి వదిలేశాం. నాలుగు నెలలు గడిచాయి. ఎడమ కాలు చెక్కలా బిగుసుకుంది. పాదం కిందికి వేలాడింది. ఒకరోజు మామూ తన ముద్ద మాటల్లోనే అన్నాడు. "మీరంతా కలిసి నన్ను రాజును చేసి కూర్చోబెట్టార్రా. రాజుకి కాళ్లు అక్కర్లేదనుకున్నారా?"

ఆ మాటతో మేము చదవడం మొదలుపెట్టాం.

మొదట తెలిసింది ఇది. పడిపోయింది కాలు కాదు. కాలికి ఆజ్ఞ ఇచ్చే మెదడు భాగం దెబ్బతింది. మెదడు కుడి భాగం ఎడమ కాలిని, ఎడమ భాగం కుడి కాలిని నడిపిస్తాయి. చనిపోయిన కణాలు తిరిగి బతకవు. కానీ పక్కనున్న కణాలు కొత్త దారులు వేసుకుని ఆ పని నేర్చుకోగలవు. పని చేయిస్తేనే నేర్చుకుంటాయి, చేయించకపోతే ఊరుకుంటాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఈ నేర్పు వేగంగా సాగుతుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుందే గాని ఆగిపోదు. మా నాలుగు నెలలు ఎటువంటి నెలలో అప్పుడు అర్థమైంది.

అలాగని మొదటి రోజే లేపి పరిగెత్తించమని కాదు. ఐదు దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మంది మీద జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి 24 గంటల్లోనే లేపి, మరీ ఎక్కువగా కసరత్తు చేయించినవాళ్లు మామూలుగా చూసినవాళ్లకంటే కాస్త వెనకబడ్డారు. ఎప్పుడు లేపాలో డాక్టరు చెప్పాలి. ఆయన లేపమన్నాక మాత్రం మనం పడుకోబెట్టకూడదు.

ఇక మీరు పేపర్లలోనూ ఫోన్లలోనూ చూస్తున్న కొత్త సంగతులకు వద్దాం. "మెదడుకు కరెంటు పెడితే నడక వస్తుందట", "కాలికి మిషను కడితే నడిపిస్తుందట" అని మమ్మల్ని చాలామంది అడిగారు. పొలం తాకట్టు పెట్టి హైదరాబాదు తీసుకెళ్దామా అని ఒక తండ్రి అడిగాడు. కాబట్టి ఇందులో నిజమెంతో మాకు తెలిసినంత చెబుతాం.

మెదడును బయటి నుంచి ప్రేరేపించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది అయస్కాంతంతో. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం తల మీద ఒక తీగచుట్టను ఉంచి, క్షణకాలం బలమైన అయస్కాంత తరంగం పంపింది. ఆ మనిషి ప్రమేయం లేకుండానే చేతి వేళ్లు కదిలాయి. కోత లేదు, పెద్ద నొప్పీ లేదు. ఇప్పుడు పెద్ద నగరాల ఆసుపత్రుల్లో ఈ యంత్రాలున్నాయి. రెండోది సన్నటి కరెంటుతో. ఉప్పునీటిలో తడిపిన స్పాంజి బిళ్లలు రెండు తలకు కట్టి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటును సుమారు 20 నిమిషాలు పంపుతారు. ఈ కరెంటు దానంతటది కాలిని కదిలించదు. మెదడు కణాలను నేర్చుకోవడానికి కాస్త సిద్ధం చేస్తుంది, అంతే.

మన రైతులకు ఇది సులువుగా చెప్పొచ్చు. వరి కోతకు ముందు చేలో పదును చూసి మినుములు చల్లుతాం. పదును ఉంటే మొలక బాగా వస్తుంది. విత్తనమే చల్లకుండా పదును ఎంతున్నా పంట రాదు. మెదడుకిచ్చే ప్రేరణ పదును లాంటిది. నడక సాధన విత్తనం.

ఇది మా ఊహ కాదు. అమెరికాలో 199 మంది పక్షవాత రోగుల మీద, చేతి కదలిక కోసం, అయస్కాంత ప్రేరణను పరీక్షించారు. పక్షవాతం వచ్చాక బాగున్న వైపు మెదడు దెబ్బతిన్న వైపును అణిచేస్తుందని ఒక ఆలోచన ఉంది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లల్లో బలమైనవాడు రెండోవాణ్ణి నెట్టేసినట్టు. అందుకని బలమైన వైపును కాస్త నెమ్మదింపజేశారు. కొంతమందికి నిజమైన ప్రేరణ ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఇస్తున్నట్టు నటించారు. అందరిచేతా చేతి కసరత్తు మాత్రం శ్రద్ధగా చేయించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. నిజమైన ప్రేరణ పొందినవాళ్లలో 67 శాతం మంది చెప్పుకోదగ్గంతగా మెరుగయ్యారు. మరి ఉత్తుత్తి ప్రేరణ పొందినవాళ్లో? 65 శాతం. పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లం కనుక ఆ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాం. రెండు గుంపులకూ దక్కింది ఒకటే, సాధన.

కాలి విషయంలో ఇంకో చిక్కుంది. చేతిని నడిపే మెదడు భాగం తల పక్కన, పైపొరలో ఉంటుంది. కాలిని నడిపేది నడినెత్తిన, రెండు అర్ధభాగాల మధ్య సందులో లోతుగా ఉంటుంది. అక్కడికి కరెంటో అయస్కాంతమో సరిగ్గా చేర్చడం కష్టం. నడక మీద జరిగిన ప్రయోగాలు కొన్ని మేలు చూపించాయి, కొన్ని తేడా ఏమీ లేదన్నాయి. పరిశోధన సాగుతోంది. రేపు మంచి కబురు రావచ్చు. కానీ ఈ రోజు ఎవరైనా మీ దగ్గరికొచ్చి, తలకు ఈ టోపీ పెట్టండి, నెలలో నడుస్తారు అని అమ్మితే నమ్మకండి. ఫోనులో చూసి కొని ఇంట్లో పెట్టుకోకండి. మూర్ఛ ఉన్నవాళ్లకు, తలలో లోహపు క్లిప్పులున్నవాళ్లకు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇవి ప్రమాదం. మెదడు డాక్టరు సలహా మీద, ఆయన చూపు కిందే జరగాల్సిన పని ఇది. పొలం తాకట్టు పెట్టేంత పని మాత్రం కాదని ఆ తండ్రికి చెప్పాం.

ఇక ఒంటికి కట్టుకునే సెన్సార్లు. ఇవి బొత్తిగా కొత్తవేమీ కావు. 1961లోనే అమెరికాలో లిబర్సన్ అనే డాక్టరు ఒక ఉపాయం చేశాడు. పాదం వేలాడే రోగి చెప్పు మడమలో చిన్న స్విచ్చి పెట్టాడు. మడమ నేల నుంచి లేవగానే స్విచ్చి ఆ సంగతి కనిపెడుతుంది. వెంటనే మోకాలి కింద నరానికి చిన్న కరెంటు అందుతుంది, పాదం పైకి లేస్తుంది. అడుగు నేలకు తగిలి పడిపోకుండా ముందుకు పడుతుంది. ఆ ఆలోచన మీద తయారైన పరికరాలు ఇప్పటికీ వాడుతున్నారు.

ఇప్పటి సెన్సార్లు అగ్గిపెట్టె కన్నా చిన్నవి. మీ జేబులో ఫోను తిప్పితే తెరమీద బొమ్మ తిరుగుతుంది కదా. ఆ కదలికను పట్టుకునే చిప్పులే ఇందులోనూ ఉంటాయి. చీలమండకో నడుముకో కడితే ఎన్ని అడుగులు వేశారు, ఏ కాలి మీద ఎంతసేపు నిలబడ్డారు, రెండు అడుగులకూ తేడా ఎంత అన్నీ లెక్కగడతాయి. దానివల్ల ఏమిటి లాభం అంటారా? బడిలో ఇన్‌స్పెక్షన్ రోజు గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు పిల్లలంతా ఉతికిన బట్టల్లో వస్తారు, బుద్ధిగా కూర్చుంటారు. ఇన్‌స్పెక్టరుగారు సంతోషంగా వెళ్తారు. డాక్టరు ముందు రోగి నడక కూడా అంతే. అక్కడ ఊపిరి బిగబట్టి పది అడుగులు చక్కగా వేస్తాడు. ఇంటికొచ్చి రోజంతా మంచం దిగడు. మిగిలిన ఆరు రోజుల సంగతి చెప్పేది సెన్సారు.

ఇక్కడే మాకు అసలు సంగతి దొరికింది.

అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో బ్రూస్ డాబ్కిన్ అనే మెదడు డాక్టరు ఒక చిన్న ప్రయోగం చేయించారు. అనేక దేశాల ఆసుపత్రుల్లో 179 మంది పక్షవాత రోగులు పాల్గొన్నారు. అందరికీ మామూలు ఫిజియోథెరపీ జరిగింది. సగం మందికి మాత్రం రోజుకొకసారి పది మీటర్లు నడిపించి, టైము చూసి, "ఇవాళ ఇన్ని సెకన్లు పట్టింది, నిన్నటికన్నా బాగుంది, రేపు ఇంకొంచెం" అని చెప్పారు. అంతే. కరెంటు లేదు, యంత్రం లేదు. 2010లో వచ్చిన ఫలితాల్లో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేనాటికి, టైము చెప్పించుకున్నవాళ్లు సెకనుకు 0.91 మీటరు వేగంతో నడిచారు. చెప్పించుకోనివాళ్లు 0.72 మీటరుతో. అంటే అదే పది మీటర్లు వీళ్లకు 11 సెకన్లు, వాళ్లకు 14 సెకన్లు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. దిద్ది తిరిగిచ్చిన పుస్తకంతో పిల్లవాడు ఎదుగుతాడు. దిద్దని పుస్తకం బొత్తిగా మిగిలిపోతుంది. మార్కు ఎంతొచ్చిందో తెలియనివాడికి ఎక్కడ సరిచేసుకోవాలో తెలియదు. సెన్సారు చేసేదీ దిద్దే పనే. కొనగలిగితే మంచిదే. లేకపోతే సుద్దముక్క, గడియారం, ఒక నోటు పుస్తకం ఉన్న ప్రతి ఇంటిలోనూ ఆ పని జరుగుతుంది.

పెద్ద యంత్రం లేకపోతే నడక రాదేమోనన్న బెంగ కూడా అక్కర్లేదు. 2011లో అమెరికాలో 408 మందితో ఇంకో పరిశీలన జరిగింది. కొందరిని నడుముకు పట్టీ కట్టి పైనుంచి వేలాడదీసి, ఖరీదైన ట్రెడ్‌మిల్లు మీద నడిపించారు. కొందరి ఇంటికి ఫిజియోథెరపిస్టు వెళ్లి, బలం, నిలకడ పెరిగే కసరత్తులు మెట్టు మెట్టుగా చేయించాడు. ఏడాది తర్వాత చూస్తే ట్రెడ్‌మిల్లువాళ్లు ఇంటి కసరత్తువాళ్లను మించలేదు. మొత్తం మీద సగానికి పైగా జనం నడకలో ఒక మెట్టు పైకెక్కారు.

మరి ఇంటివాళ్లే నేర్పితే చాలుగదా అంటారేమో. మన దేశంలోనే దీన్ని పరీక్షించారు. 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులను తీసుకున్నారు. సగం మంది ఇళ్ల నుంచి ఒకరికి ఆసుపత్రిలో ఉన్న కొద్ది రోజుల్లో కసరత్తులు నేర్పి ఇంటికి పంపారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత మరణించినవాళ్లు, పరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి చూస్తే, నేర్పిన గుంపులోనూ 47 శాతం, నేర్పని గుంపులోనూ 47 శాతం. ఆ వ్యాసం చదివినరోజు మాకు నిరాశ కలిగింది. తర్వాత మా ఇల్లే గుర్తొచ్చింది. మాకూ ఆసుపత్రిలో నేర్పారు. వారం చేయించి మానేశాం. ఎందుకు మానేశాం? మమ్మల్ని ఎవరూ అడగలేదు. హోంవర్కు ఇచ్చి మళ్లీ చూడకపోతే ఏ పిల్లవాడు చేస్తాడు? ఇది మేము చెప్పుకున్న కారణం, ఆ పరిశోధకులు చెప్పింది కాదు. కానీ మా ఇంటి విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం.

తర్వాత మా ఇంట్లో ఏం చేశామో చెబుతాం. వారానికొకసారి ఫిజియోథెరపిస్టును పిలిపించుకున్నాం. ఆ అబ్బాయి మొదట పాదానికి స్ప్లింటు వేయించాడు. హవాయి చెప్పులు తీయించి, వెనక పట్టీ ఉన్న చెప్పులు తొడిగించాడు. దొడ్లో గోడకు పట్టుకునే కడ్డీ బిగించమన్నాడు. మామూ మనవడు ఎనిమిదో తరగతి, మా బడే. వాడు ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద టేపుతో కొలిచి పది మీటర్లకు రెండు గీతలు గీశాడు. ఫోనులో టైము పట్టాడు. మొదటిరోజు మామూ కర్రతో, పక్కన మనిషి సాయంతో నడిచాడు. 52 సెకన్లు. కాలు ఎలా ఉంది మామూ అంటే "వానాకాలం రేగడి చేలో దిగినట్టుంది, మన్నంతా పాదానికే అంటుకుంది" అన్నాడు.

ఆ పిల్లవాడు పాత లాంగ్‌బుక్కులో తేదీ వేసి 52 రాశాడు. రోజూ రాశాడు. 49 వచ్చినరోజు పక్కన నక్షత్రం వేశాడు. మేము దిద్దిన పుస్తకాల్లో వాడు చూసిన నక్షత్రమే అది. మామూ ఆ పుస్తకం దిండు కింద పెట్టుకునేవాడు. జ్వరమొచ్చి 60కి పడిపోయిన రోజు మొహం మాడ్చుకున్నాడు. ఒకసారి మనవడు బడికెళ్లినప్పుడు తొందరపడి ఒంటరిగా నడిచి పడ్డాడు, మోచెయ్యి కొట్టుకుపోయింది. అప్పటి నుంచి పక్కన మనిషి లేకుండా గీత దాటకూడదని నియమం పెట్టాం. మూడు నెలలకు 27 అయింది. ఏడాదికి 16.

ఈ అంకెలకు అర్థం ఉంది. 1995లో అమెరికాలో జాక్వెలిన్ పెర్రీ అనే డాక్టరు బృందం నడక వేగానికీ బతుకుకీ సంబంధం చూపించింది. సెకనుకు 0.4 మీటరు లోపు నడిచేవాళ్లు ఇంటికే పరిమితమవుతారు. 0.4 నుంచి 0.8 దాకా వీధిలో కొద్ది దూరం తిరగగలరు. 0.8 దాటితే బజారు పని చూసుకోగలరు. మన గీతల లెక్కలో చెప్పాలంటే 25 సెకన్ల పైన ఇల్లు, 25 లోపు వీధి, పన్నెండు పదమూడు సెకన్లలో బజారు. మామూ 25 దాటి లోపలికొచ్చిన వారమే జుమా నమాజుకు మసీదుకు నడిచి వెళ్లాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. కుర్చీలో కూర్చుని నమాజు చేశాడు. ఆ రోజు మసీదు మెట్ల దగ్గర ఎంతమంది ఏడ్చారో మీలో చాలామందికి తెలుసు.

మామూ పూర్తిగా కోలుకోలేదు. ఎడమ చెయ్యి రాలేదు. మిషను తొక్కలేడు. కాలు ఇప్పటికీ సగం చుట్టు తిప్పి వేస్తాడు. ఆ నాలుగు నెలలు మళ్లీ రావు. కానీ టీ కొట్టు దాకా వెళ్తాడు, పేపరు చదువుతాడు, మమ్మల్ని తిడతాడు.

ఇప్పుడు సొసైటీకి మా మనవి. మనం ఏటా చక్రాల కుర్చీలు, చేతికర్రలు పంచుతున్నాం. మంచి పనే, ఆపకండి. కుర్చీ ఇచ్చాక ఆ ఇంటికి మళ్లీ ఎవరు వెళ్లారో కూడా అడుగుదాం. ఒకరోజు శిబిరం పెట్టి ఫొటో దిగి వచ్చేస్తే, అది దిద్దని హోంవర్కే అవుతుంది.

మన రాష్ట్రంలోనే నెల్లూరులో డాక్టర్ బిందు మీనన్ గారున్నారు. మెదడు, నరాల డాక్టరు. 2013లో ఫౌండేషను పెట్టారు. 2015 నుంచి "న్యూరాలజీ ఆన్ వీల్స్" పేరుతో వ్యానులో పల్లెలకు వెళ్లి పక్షవాతం, మూర్ఛ రోగులను ఉచితంగా చూస్తున్నారు, బీపీ, షుగరు పరీక్షలు చేస్తున్నారు. రోగి రాలేకపోతే వైద్యమే గడప దాకా వెళ్లవచ్చని ఆమె చూపించారు. మనకు వ్యాను కొనే స్తోమత లేదు. ఒక ఊరికి సరిపడే పని మాత్రం చేయగలం.

ఒకటి, ప్రతి శుక్రవారం జుమా తర్వాత బీపీ చూసే ఏర్పాటు చేద్దాం. ఆడవాళ్లకు ఆదివారం బడిలో చూద్దాం. పక్షవాతానికి మొదటి దోషి బీపీ. బాగున్నానని మాత్ర మానేసినవాళ్ల పేర్లు మాకే పది తెలుసు. మామూ కూడా వాళ్లలో ఒకడు.

రెండు, వారానికొకసారి ఫిజియోథెరపిస్టు ఊరికి వచ్చి పక్షవాతం ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లేలా ఆయన ఖర్చు సొసైటీ భరించాలి. రెండు చక్రాల కుర్చీల డబ్బుతో ఇది మొదలుపెట్టవచ్చు.

మూడు, ప్రతి ఇంటికీ ఒక నోటు పుస్తకం, ఒక విద్యార్థి. పెద్ద తరగతుల పిల్లలు రోజూ సాయంత్రం పది నిమిషాలు వెళ్లి టైము రాస్తారు. పట్టుకోవడానికి ఇంటి పెద్ద పక్కనే ఉండాలి, రాయడం పిల్లల పని. పుస్తకాలు నెలకోసారి మేము దిద్దుతాం, ఆ బాధ్యత మాది. ఫోనులో అడుగుల లెక్క చూడొచ్చు కదా అంటారేమో. నెమ్మదిగా, కాలీడ్చి నడిచేవాళ్ల అడుగులను మామూలు ఫోన్లు తక్కువగా లెక్కిస్తాయి. గీతలే నమ్మకం.

నాలుగోది తెర అవతలి వాళ్ల గురించి. మా వీధిలో ఒక అమ్మకు మామూ కన్నా ముందే పక్షవాతం వచ్చింది. మామూ రోడ్డు మీద నడిచాడు, ఊరంతా చూసి షాబాష్ అంది. ఆ అమ్మ ఇప్పటికీ వెనక గదిలోనే ఉంది. ఆడమనిషి వీధిలో కర్ర పట్టుకు నడిస్తే ఏం బాగుంటుందన్నారు ఇంట్లోవాళ్లు. వీధి వద్దంటే పెరటిలో గీతలు గీద్దాం. పది మీటర్లు లేకపోతే ఐదే గీద్దాం. ఆమె లెక్క ఆమె నిన్నటి లెక్కతోనే పోల్చుకుంటుంది, మామూతో పోటీ లేదు. వెళ్లడానికి ఆడపిల్లలే ముందుకు రావాలి. మా తొమ్మిదో తరగతిలో ఇద్దరు ఇప్పటికే పేర్లిచ్చారు.

చివరిగా, బయటికి ఎవరూ అనని ఒక మాట. 2024 నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పెన్షను వస్తోంది. పేద ఇంటికి అది కొండంత అండ. "నడిస్తే పెన్షను పోతుందేమో సారూ" అని ఒక ఇంట్లో మమ్మల్ని గుసగుసగా అడిగారు. వాళ్లను మేము తప్పుపట్టలేదు. ఆకలి ముందు నీతులు చెప్పే అర్హత మాకు లేదు. కానీ మంచంలోని మనిషి కూడా ఆ గుసగుస వింటాడు. తాను లేవకపోవడమే ఇంటికి మేలని అనుకుంటాడు. అటువంటి ఇంటికి బియ్యమో పిల్లల ఫీజో సొసైటీ చూసుకుంటుందని ముందే మాట ఇవ్వగలిగితే, ఆ మనిషికి లేచే ధైర్యం వస్తుంది. పెద్దలు ఆలోచించాలి.

మామూ పాత లాంగ్‌బుక్కు అయిపోయింది. మొన్న మనవడు కొత్తది కొన్నాడు. మొదటి పేజీలో మామూ కుడి చేత్తో తనే తేదీ వేశాడు, 15 అని రాశాడు, పక్కన నక్షత్రం కూడా తనే వేసుకున్నాడు. "నువ్వు దిద్దాలిగాని నీకు నువ్వే నక్షత్రాలా మామూ" అని నవ్వాం. "మీరు ఆలస్యంగా వస్తార్రా, మీకోసం ఆగితే ఎలా" అన్నాడు.

ఇకనైనా మనం ఆలస్యంగా వెళ్లకూడదని కోరుకుంటున్నాం.